కోడ్ పుస్తకాలను దిద్దేవారు

ప్రోగ్రామింగ్ పుస్తకాలను దిద్దే ఫ్రీలాన్స్ ఎడిటర్లంటే నాకు చాలా గౌరవం. నవలలో అచ్చుతప్పు పడితే పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు. కోడ్‌లో ఆ వీలు లేదు. వర్డ్‌లో టైపు చేస్తే నిటారు కొటేషన్ గుర్తులు వాటంతటవే వంపు తిరుగుతాయి. రెండు హైఫన్లు కలిసి ఒక పొడవాటి గీత అవుతాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ, ఆ కోడ్ వరుసను కాపీ చేసి నడిపితే ఎర్రర్ వస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి తప్పు తనదే అనుకుంటుంది. ఆ అన్యాయాన్ని ముందే ఆపేది ఈ ఎడిటరే.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనైతే వరుస ముందు వదిలిన ఖాళీకీ అర్థముంది. పేజీ అమరికలో అది కాస్త జరిగినా ప్రోగ్రామ్ నడవకపోవచ్చు, లేదా ఇంకో పని చేయొచ్చు. 2008లో పైథాన్ 3 వచ్చాక ప్రింట్ ఆదేశానికి బ్రాకెట్లు తప్పనిసరయ్యాయి. పాత పుస్తకాన్ని కొత్త కూర్పుకు సిద్ధం చేయాలంటే ప్రతి ఉదాహరణనూ మళ్లీ నడిపి చూడాల్సిందే.

ఎంత జాగ్రత్తపడినా తప్పులు దొర్లుతూనే ఉంటాయి. ప్రసిద్ధ కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ కనూత్ అంతటివారే తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి 2.56 డాలర్ల బహుమతి ప్రకటించారు.

నాకు మరీ ఇష్టమైనవి మాత్రం మార్జిన్‌లో ఎడిటర్ అడిగే ప్రశ్నలు. ‘ఈ కమాండ్ విండోస్‌లోనూ పనిచేస్తుందా? ఈ ఫైలును పాఠకుడు ఇంకా తయారుచేసుకోలేదు కదా?’ వాటికి జవాబు వెతుకుతూ రచయిత ఒక్కోసారి అధ్యాయమంతా తిరగరాస్తాడు.