ఇనుప కొండల పక్కన చెంచా గోళ్లు

సండూరు కొండల్లో ఎక్కడ తవ్వినా ఇనుప ఖనిజమే. లారీలు లేపే దుమ్ముకు రోడ్డు పక్క చెట్లు కూడా ఎర్రబారతాయి. అంత ఇనుము పక్కనే ఉన్నా ఒంట్లోకి రాదు కదా! 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము లోటు ముదిరితే గోరు పలచబడి, మధ్యలో గుంటపడి, అంచులు పైకి లేస్తాయి. దానిమీద నీటిచుక్క వేస్తే జారిపోదు. అదే చెంచా గోరు.

గోటిమీద తెల్లమచ్చ కనబడగానే కాల్షియం మాత్రలకు పరిగెత్తేవాళ్లు ఉన్నారు. చాలావరకు అది గోరు మొదట్లో తగిలిన చిన్న దెబ్బ గుర్తు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి మచ్చ కూడా ముందుకు జరిగి కత్తిరింపులో పోతుంది. బయోటిన్ మాత్రల మీద మోజు ఇంకో రకం. అవి థైరాయిడ్, గుండె రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

మాత్రల కంటే ముందు చూడాల్సింది కంచం. జొన్నరొట్టెలోకి ఆకుకూర పప్పు ఉంటే దానిమీద నిమ్మకాయ పిండుకోవాలి. ఆ పులుపులోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు సగం నీళ్లపాలు. మాంసం తినేవాళ్లకు కార్జం ఉండనే ఉంది.

తుంగభద్ర కాలువల కింద, సిరుగుప్ప, కంప్లి వైపు బాధ వేరు. నాట్ల రోజుల్లో పొద్దస్తమానం బురదలో నానిన వేళ్లకు గోటి మొదలును కాపాడే పలచని పొర ఊడివస్తుంది. ఆ సందులోంచి నీళ్లూ సూక్ష్మక్రిములూ లోపలికి దిగుతాయి. చుట్టూ ఎర్రగా వాచి, సలుపు మొదలవుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే సామెతకు సాక్ష్యం అక్కడే చూడొచ్చు: వాచిన వేలితోనే మర్నాడు మళ్లీ నారు పట్టాలి. నిమ్మకాయకు బొక్కపెట్టి వేలికి తొడగడం ఇంటింటి వైద్యం. కంచంలో చేసిన మేలు అది వేలికి చేయదు. పగిలిన చర్మాన్ని మండించడమే ఎక్కువ. గోరువెచ్చని నీళ్లలో వేలు ఉంచి, పొడిగా తుడిచి, చీము పడితే డాక్టరు దగ్గరికి వెళ్లడం మంచిది. పొలం నుంచి రాగానే చేతులు ఆరబెట్టుకుని గోళ్ల మొదళ్లకు కొబ్బరినూనె రాస్తే ఆ పొర అంత తొందరగా ఊడదు.

కాలిగోళ్ల సంగతి మరీ నిదానం. పూర్తిగా కొత్త గోరు రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అందుకే కాలిగోటికి ఫంగస్ పడితే మందు నెలల తరబడి వాడాలి. మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. గోటిని తిన్నగా కత్తిరించాలి, మూలలు లోతుగా తవ్వకూడదు. షుగర్ ఉన్నవాళ్లు అసలు బ్లేడు పట్టకపోవడమే మేలు.