యువాన్ చ్వాంగ్ యాత్రలో చిత్తస్వరూప జిజ్ఞాస

తెలుగు పరిశోధకులకు యువాన్ చ్వాంగ్ ప్రధానంగా చరిత్రకు ఆధారం. వేంగి ఎలా ఉండేది, ధాన్యకటకంలో విహారాల స్థితి ఏమిటి అన్న ప్రశ్నలతో మనం ‘సి-యు-కి’ని తెరుస్తాం. అతడు బయలుదేరింది మాత్రం దేశాలను వర్ణించడానికి కాదు. చిత్తస్వరూపం గురించి చైనాలోని బౌద్ధాచార్యులు పరస్పరం విభేదించారు. ‘యోగాచారభూమి’ సంపూర్ణ పాఠంతో ఆ సందేహాలను తీర్చుకోవాలన్నది అతని సంకల్పం. ఈ జిజ్ఞాసను పక్కనపెట్టి చదివితే ఆ యాత్రలో సగమే మనకు దక్కుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. గోచర ప్రపంచమంతా విజ్ఞానపరిణామమే అయితే, ఎడారులూ మంచుకొండలూ దాటి నలందకు నడవడమెందుకు? సమాధానం యోగాచారంలోనే ఉంది. ఆలయవిజ్ఞానంలోని బీజాలు అనాది వాసనలతో కూడినవి. ఆ వలయాన్ని దాటడానికి చిత్తానికి ధర్మశ్రవణం వల్ల కలిగే శ్రుతవాసన అవసరం. శీలభద్రుని సన్నిధిలో జరిగిన అధ్యయనాన్ని ఈ దృష్టితో చూస్తే, యాత్ర సిద్ధాంతానికి విరుద్ధం కాదు, సాధనం.

నగరహార సమీపంలోని బుద్ధచ్ఛాయ గుహావృత్తాంతం ఈ సంబంధాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 646లో పూర్తయిన ‘సి-యు-కి’ ఆ ఛాయ అరుదుగా, మసకగా మాత్రమే కనిపిస్తుందని చెప్పి, తన అనుభవాన్ని ప్రస్తావించకుండా ముందుకు సాగుతుంది. హుయిలీ ఆరంభించగా యాంత్సుంగ్ 688లో పూర్తిచేసిన జీవితచరిత్ర అక్కడే ఆగుతుంది. మొదట యాత్రికుడికి చీకటి తప్ప ఏమీ కనిపించదు. తన దోషాలను తలచుకొని దుఃఖిస్తూ వందలాది ప్రణామాలు చేసిన తరువాత ఛాయ వెలుగుతుంది. ధూపం వేయడానికి ఆరుగురు నిప్పు తేగానే అది మాయమవుతుంది. నిప్పు ఆర్పితే మళ్లీ కనిపిస్తుంది. ఆ ఆరుగురిలో ఐదుగురు చూస్తారు, ఒకరికి ఏమీ కనబడదు.

ఇది భక్తుల రచన కనుక దీనిని జరిగిన సంఘటనకు ప్రమాణంగా స్వీకరించలేం. అయినా ఆ ఆరవ వ్యక్తిని కథలో నిలపడం గమనార్హం. కేవలం మహిమను చాటడమే లక్ష్యమైతే అతని అవసరం లేదు. ఒకే స్థలం, ఒకే క్షణం. దర్శనం మాత్రం చిత్తాన్ని బట్టి భిన్నం. విజ్ఞానవాదం తర్కంతో ప్రతిపాదించిన దానిని ఈ కథ ఒక గుహలో చూపింది.

కొరియా భిక్షువు వొన్హ్యో కథ దీనికి ప్రతిముఖం. 661లో ఉయిసాంగ్‌తో చైనాకు బయలుదేరి, రాత్రి ఆశ్రయమనుకొని సుఖంగా నిద్రించిన చోటు సమాధి అని ఉదయం తెలుసుకున్నాడనీ, మరుసటి రాత్రి అక్కడే భీతితో గడిపాడనీ ఐతిహ్యం. స్థలం మారలేదు, చిత్తం మారింది. అది గ్రహించి అతడు వెనుదిరిగాడు. ఒకరు యాత్రను ముగించి, మరొకరు మానుకొని ఒకే సత్యాన్ని సమీపించారు. అయితే వొన్హ్యోకు కూడా ఆ రెండు రాత్రులు దారిలోనే లభించాయన్నది మరువరాదు.

ఈ దృష్టితో ఆంధ్రదేశ భాగాన్ని పునఃపఠించాలి. వేంగి సమీపపు ఏకాకి కొండపై దిఙ్నాగుడు హేతువిద్యను రచించిన కథ, ధాన్యకటకంలో ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మం నేర్చి, వారికి మహాయానం బోధించిన ఉదంతం కేవలం స్థలపురాణాలు కావు. చిత్తాన్ని గురించిన ఒక సుదీర్ఘ వాదంలో మన నేల కూడా పాల్గొన్నదనడానికి అవి సాక్ష్యాలు. వాటిని స్థలనిర్ణయానికే పరిమితం చేయడం మన పఠనంలోని లోపం.