తెరిచే ముందు అడగాలి

2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫానును కంప్యూటర్‌లో మళ్లీ నడిపి చూస్తున్నామనుకోండి. ఇలాంటి పనికి పరిశోధకులు విరివిగా వాడే డబ్ల్యూఆర్ఎఫ్ మోడల్‌ని గంటకో ఫైల్ రాయమంటే, మొదలయ్యే గంటతో కలిపి నాలుగు రోజులకి 97 ఫైళ్లు వస్తాయి. డిస్కులో చోటు చాలకో, కాపీ చేసేటప్పుడు జారిపోయో వాటిలో ఒకటి లేకుండా పోతుంది. రాత్రంతా నడవాల్సిన స్క్రిప్టు అక్కడ ఆగిపోతుంది. ఆగితే అదృష్టమే. ఆగకుండా దాటేసి, 96 గంటల గాలికి సగటు కట్టి, పటం కింద 97 గంటల సగటని రాసిందంటే ఆ తప్పు ఎవరి కంటా పడదు.

అందుకే ఈ రంగంలో చేయి తిరిగినవాళ్ల స్క్రిప్టు చూస్తే పైభాగమంతా ప్రశ్నలే ఉంటాయి. ఫైల్ ఉందా? అందులో నాకు కావలసిన రాశి ఉందా? ఆ రాశిలో అంకెలున్నాయా, ఖాళీలున్నాయా? ఈ అలవాటు నాకు ఎన్‌సీఎల్ నేర్పింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో ఉన్న ఎన్‌కార్ అనే వాతావరణ పరిశోధన కేంద్రం తయారుచేసిన భాష అది. నెట్‌సీడీఎఫ్, గ్రిబ్, హెచ్‌డీఎఫ్ ఫైళ్లను చదివి పటాలు గీయడం దాని ప్రధానమైన పని. పైథాన్‌లో లాగా ముందు తెరిచి చూసి, తప్పు జరిగితే పట్టుకుని సర్దుకునే వసతి ఇందులో లేదు. లేని ఫైల్‌ని తెరవబోతే అక్కడో, ఆ ఫైల్‌ని వాడబోయిన తర్వాతి వరుసలోనో పని చెడుతుంది. కాబట్టి ముందే అడగాలి.

ఫైల్ ఉందా అని అడగడానికి ఇందులో రెండు మాటలున్నాయి. ఫైల్‌ఎగ్జిస్ట్స్ అనేది ఆ పేరుతో డిస్కు మీద ఏదైనా ఫైల్ ఉందా అని మాత్రమే చూస్తుంది. అది అంకెల పట్టిక కావచ్చు, మామూలు ఉత్తరం కావచ్చు. ఇజ్‌ఫైల్‌ప్రెజెంట్ ఇంకో మెట్టు ఎక్కి, ఎన్‌సీఎల్ చదవగలిగిన డేటా ఫైలేనా అని చూస్తుంది. దూరాన వేరే సర్వర్‌లో ఓపెన్‌డాప్ పద్ధతిలో ఉంచిన డేటాని కూడా దీనితోనే అడగొచ్చు. కొత్తవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. తలుపు మీద పేరు చూసి రావడం ఒకటి, తలుపు తట్టి మనిషి ఉన్నాడో లేదో కనుక్కుని రావడం ఇంకొకటి.

పేరు దగ్గర ఇంకో చిక్కుంది. డబ్ల్యూఆర్ఎఫ్ రాసే ఫైళ్లకి చివర తోక ఉండదు. పేరులో తేదీ, గంట, మధ్యలో కోలన్ గుర్తులు, అంతే. ఎన్‌సీఎల్‌కి ఫైల్ ఏ రకమో మామూలుగా చెప్పేది ఆ తోకే. అందుకని తెరిచే ఆజ్ఞ అయిన యాడ్‌ఫైల్‌కి పేరు ఇచ్చేటప్పుడు చివర డాట్ ఎన్‌సీ అని మనమే తగిలిస్తాం. డిస్కు మీద ఆ తోక లేకపోయినా అది అర్థం చేసుకుని తెరుస్తుంది. తోక తగిలించిన అదే పేరుతో ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ని అడిగితే మాత్రం లేదంటుంది. అది ఉన్న పేరునే నమ్ముతుంది మరి. ఉందా అన్న ప్రశ్న ఒక్కటి కాదని నాకు నిజంగా తెలిసింది ఇక్కడే. తర్వాతి వరుస ఏం చేయబోతోందో, ప్రశ్న దానికి తగ్గట్టు ఉండాలి.

అన్నిటికంటే విలువైన మెలకువ జాబితాకి సంబంధించింది. చాలామంది ఎల్‌ఎస్ ఆజ్ఞతో ఫోల్డర్‌లో ఉన్న పేర్లన్నీ తెచ్చుకుని, వాటిని వరసగా తెరుస్తారు. సులువే. కానీ ఉన్నవాటినే జాబితాగా తెచ్చుకుని, ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే జవాబొస్తుంది. లేనిది ఆ జాబితాలోకి రాదు కదా! పేర్లని క్యాలెండర్ నుంచి కట్టుకోవాలి: ఫలానా తేదీ సున్నా గంట నుంచి గంట గంటకీ ఉండాల్సిన 97 పేర్లు. ఇజ్‌ఫైల్‌ప్రెజెంట్‌కి ఆ పేర్ల వరుస మొత్తాన్ని ఒకేసారి ఇవ్వొచ్చు. 97 జవాబులు తిరిగొస్తాయి. కాదన్నవాటి పేర్లు అచ్చువేసి, పని అక్కడే ఆపేయాలి. పెళ్లికి ఎవరు రాలేదో తెలియాలంటే పందిట్లో తలలు లెక్కపెడితే చాలదు, పిలుపుల చిట్టా చేతిలో ఉండాలి.

రాసే ఫైల్ దగ్గర ఈ ప్రశ్న తిరగబడుతుంది. ఎన్‌సీఎల్‌లో కొత్త ఫైల్ సృష్టించబోతే, ఆ పేరుతో ఇదివరకే ఒకటి ఉంటే అది ఒప్పుకోదు. పాతదాని మీద రాసేయకుండా కాపాడటం మంచి గుణమే. అయితే దాదాపు ప్రతి స్క్రిప్టులోనూ దానికి ముందు వరుసలో పాతదాన్ని చెరిపేసే ఆజ్ఞ ఒకటి కనిపిస్తుంది. నేనూ అలాగే రాసేదాన్ని, అదీ స్క్రిప్టు మొదట్లోనే. ఒకసారి పాత ఫలితం చెరిగిపోయింది, ఆ వెంటనే చదవాల్సిన ఫైల్ లేదని తేలి పని ఆగింది. మూడు రోజుల లెక్క పోయింది. అప్పటి నుంచి చదవాల్సినవన్నీ ఉన్నాయని తేలాకే చెరపడం. అంతకంటే మేలు, కొత్త ఫలితాన్ని వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకి మార్చడం. ఈ పద్ధతిలో అసలు పేరుతో ఫైల్ ఉందంటే అది పూర్తయిన ఫైలేనని ధైర్యంగా అనుకోవచ్చు. చాలా గంటలని ఒకే ఫైల్‌లో రాయించినప్పుడు, మోడల్ ఇంకా రాస్తూ ఉన్న ఫైల్ విషయంలో ఆ ధైర్యం ఉండదు. ఫైల్ ఉంటుంది, తెరుచుకుంటుంది, లోపల సగం గంటలే ఉంటాయి. అక్కడ కాలం కొలత ఎంత పొడవుందో కూడా చూసుకోవాలి.

ఫైల్ తెరుచుకున్నాక రాశి ఉందా అని అడగడానికి ఇజ్‌ఫైల్‌వార్, విలువ ఖాళీగా ఉందా అని అడగడానికి ఇజ్‌మిస్సింగ్ ఉన్నాయి. వాన పడకపోవడం వేరు, వాన కొలవకపోవడం వేరు. మొదటిది సున్నా, రెండోది ఖాళీ. ఈ తేడాని ఫైల్ స్థాయి నుంచి గడి స్థాయి దాకా పట్టుకొచ్చిన భాష కాబట్టే నాకు ఎన్‌సీఎల్ మీద గౌరవం.

2019లో ఎన్‌కార్ ఇకమీదట పైథాన్ వైపు వెళ్తున్నామని ప్రకటించింది. ఎన్‌సీఎల్‌కి కొత్త హంగులు చేర్చడం ఆగింది. నా స్క్రిప్టులు కూడా ఒక్కొక్కటే పైథాన్‌లోకి మారుతున్నాయి. అక్కడ ఎక్స్‌అర్రే అనే లైబ్రరీ ఒక్క వరుసతో ఫోల్డర్ మొత్తాన్ని తెరిచేస్తుంది, నక్షత్రం గుర్తుకి ఎన్ని పేర్లు దొరికితే అన్ని. ఆ వరుసకి పైన, క్యాలెండర్ నుంచి కట్టిన 97 పేర్ల జాబితాని మాత్రం నేను అలాగే ఉంచుతున్నాను.