చాప ఎవరిది?

పల్నాటి యుద్ధం పేరెత్తితే చాలు, మన పండితులకీ సినిమావాళ్లకీ బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొస్తుంది. 12వ శతాబ్దంలోనే కులాన్ని కూలదోసిన మహానుభావుడట! ఒకే చాప, ఒకే కూడు, అన్ని కులాలు. వింటుంటేనే కడుపు నిండిపోతుంది. మరి ఆ చాపమీద కూర్చున్న మాల కన్నమదాసు ఈ రాతల్లో ఎక్కడున్నాడని మేం అడుగుతున్నాం.

కన్నమదాసు సేనాని. వెలమదొర అతణ్ణి కొడుకుగా చూసుకున్నాడని కథ. ఆ ఒక్క మాట పట్టుకుని నాయుడి ఉదారతను పేజీలకు పేజీలు పొగిడారు. కత్తిపట్టి నిలబడ్డవాడికి మాత్రం విశ్వాసం, విధేయత మిగిల్చారు. పెట్టేవాడు పెద్ద, తినేవాడు చిన్న అన్న లెక్క చాపమీద కూడా చెదరలేదన్నమాట. (నాయకురాలు నాగమ్మని దుష్టురాలిగా నిలబెట్టిందీ ఈ చూపే. అది వేరే చర్చ.)

అసలు ఈ కథని బతికించిందెవరు? శ్రీనాథుడి పేరుమీదున్న కావ్యాన్ని 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చువేయించారు. సాహిత్య చరిత్రలు అక్కడే ఆగిపోతాయి. పల్నాట ఊరూరా తిరిగి పాడింది వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. 1982లో వచ్చిన జీన్ రోఘేర్ పుస్తకానికి ఆధారం కూడా అలిశెట్టి గాలెయ్య పాడిన పాటే. పాడిన కులం పక్కకుపోయి, పాటలోని దొర సంస్కర్తయి కూర్చున్నాడు.

ఏటా కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్లలో, మందపోరు నాడు చాపకూడు పెడతారు. మంచిదే, పెట్టనివ్వండి. కానీ పల్నాడు అప్పట్లో ఏ గుంటూరు జిల్లాలో ఉందో ఆ జిల్లాలోనే చుండూరు కూడా ఉంది. 1991లో అక్కడ సినిమాహాల్లో దళిత కుర్రాడి కాలు తగిలిందని తగువు మొదలై, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. చాప సంగతి సరే, పక్క సీటుకే దిక్కులేదు! 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఇక మనవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. నాయుడి కిరీటం తీసి కన్నమదాసుకి పెడితే సరిపోతుందనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. అతను పోరాడింది ఎవరికోసం? గురజాల నలగామరాజుకీ మాచర్ల మలిదేవుడికీ మధ్య గద్దె తగువు అది. ఆ రెండు గద్దెల్లో ఏది నిలిచినా మాలపల్లెకి ఒరిగేదేంటో గాలెయ్య పాటనే అడగాలి. ఆ పనికి ముందుగా కూర్చోవాల్సింది మేమే.