మిరప సీమలో బజ్జీ

గుంటూరు నుంచి ప్రత్తిపాడు మీదుగా పర్చూరు వైపు సాగే నల్లరేగడి చేలల్లో పత్తితో పాటు పండే మిరప ఘాటుకూ రంగుకూ పేరుపడ్డది. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం కారం 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్ల వరకు ఉంటుంది. తేజ రకం ఇంకా ఘాటు. కారప్పొడికీ పచ్చడికీ ఆ కాయలే ప్రాణం. అయినా ఈ ఊళ్లలో సాయంత్రం బండి మీద వేగే బజ్జీకి అవి పనికిరావు. దానికి లేత ఆకుపచ్చగా, పొడుగ్గా, కండ దళసరిగా, కారం తక్కువగా ఉండే వేరే కాయ కావాలి. కూరగాయల కొట్లో బజ్జీ మిరపకాయలని అడిగితే ఇచ్చేది దాన్నే. కారం నాలుకను మండిస్తే మిరప కమ్మదనం తెలియదు. ఇంత కారం పండించే రైతులు ఆ సంగతి గుర్తించడం గొప్ప రుచిజ్ఞానం.

కాయకు తొడిమ ఉంచి, ఒక పక్కన నిలువుగా గాటు పెడతారు. గింజలతో పాటు వాటిని పట్టి ఉంచే తెల్లటి ఈనెను కూడా గీరేయాలి. మంట పుట్టించే క్యాప్సైసిన్ ప్రధానంగా ఆ ఈనెలోనే తయారవుతుంది. గింజలకు అంటుకునేది అక్కడిదే. ఖాళీ అయిన కాయలో వాము, ఉప్పు, చిక్కటి చింతపండు గుజ్జు కలిపి పలచగా పూస్తారు. కొందరు వేయించిన నువ్వులపొడి చేరుస్తారు. పులుపు లేని బజ్జీ చప్పగా ఉంటుంది. వాము లేనిది బజ్జీయే కాదు. ఈ బజ్జీలోని మిరప మాత్రం 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట. చింతపండు, శనగపిండి అప్పటికే ఇక్కడి వంటింట్లో ఉన్నాయి.

శనగపిండిలో కాస్త బియ్యప్పిండి, ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. బియ్యప్పిండి కరకరలాడిస్తుంది. సోడా ఎక్కువైతే నూనె పీలుస్తుంది. తొడిమ పట్టుకుని ముంచి తీసినప్పుడు పిండి కాయను వదలకుండా, ముద్దగా వేలాడకుండా ఉండాలి.

అసలు నేర్పంతా బాణలి దగ్గరే. పిండి చుక్క వేస్తే అడుగున ఆగకుండా వెంటనే పైకి తేలాలి. అది దాదాపు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడి. నూనె చల్లగా ఉంటే బజ్జీ జిడ్డవుతుంది, మరీ కాగితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఇళ్లలో వేరుశనగ నూనె వాడతారు. ఈ నేలలో దొరికే పత్తిగింజల నూనెను శుద్ధి చేసి గాసిపాల్ అనే విషపదార్థాన్ని తొలగిస్తే అదీ వేపుళ్లకు బాగా ఒదుగుతుంది. బండివాళ్లు బజ్జీని మొదట లేత రంగు వచ్చేదాకా వేయించి తీసి పెడతారు. అడిగినవారికి మళ్లీ కాగే నూనెలో వేస్తారు. మధ్యలో లోపలి తేమ పైపొరకు చేరుతుంది; రెండో వాయిలో అదీ ఆవిరై బజ్జీ పెళుసుగా మారుతుంది.

వేగిన బజ్జీని చీల్చి సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, కారం, వేయించిన పల్లీలు కూరి నిమ్మరసం పిండడం ఒక పద్ధతి. ముక్కలుగా కోసి మరోసారి నూనెలో వేస్తే కట్ మిర్చి. దానికి అంచులన్నీ వేగుతాయి కాబట్టి కరకర ఎక్కువ, కాయ రుచి కొంచెం తక్కువ. ఏది తిన్నా ఉల్లిపాయ పడిన వెంటనే తినాలి. ఆలస్యమైతే ఆ తడికి పైపొర మెత్తబడుతుంది.