డ్రైవరు చూపు, కవి తీరిక

జిమ్ జార్ముష్ 2016లో తీసిన 'పేటర్సన్' చిత్రాన్ని మా ఎమ్.ఏ. విద్యార్థులకు చూపించాను. ఒక సిటీబస్సు డ్రైవరు కవిత్వం రాస్తాడు. అందులో వింతేమీ లేనట్టుగానే కథ నడుస్తుంది. నాకు అదే నచ్చింది. చిత్రం అయిపోయాక వెనక బెంచీనుంచి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఆయన బస్సు రోజూ టైముకే పోతుందేమండీ?" అన్నాడు. వాళ్ల నాన్న హైదరాబాదులో సిటీబస్సు నడుపుతాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

న్యూజెర్సీలోని పేటర్సన్ పట్టణం. నాయకుడి పేరూ పేటర్సనే. ఒక సోమవారంనుంచి మరుసటి సోమవారం దాకా కథ. ఆరు దాటగానే లేవడం, అన్నంపెట్టె పట్టుకొని డిపోకు నడిచిపోవడం, ఇరవైమూడో నంబరు బస్సు, రాత్రి కుక్కతో షికారు. వైద్యవృత్తి చేస్తూనే ఆ వూరిమీద దీర్ఘకావ్యం రాసిన విలియమ్ కార్లోస్ విలియమ్స్ నీడ చిత్రమంతటా వుంది. జార్ముష్ శ్రామికుణ్ణి చూచి జాలిపడడు, అతణ్ణి వీరుణ్ణీ చేయడు. ఈ మర్యాద మన అభ్యుదయ కథల్లో ఎన్నింటికి వున్నది?

బస్సు కదలకముందు స్టీరింగు దగ్గర కూర్చుని పేటర్సన్ అగ్గిపెట్టెమీద ఒక పద్యం మొదలుపెడతాడు. ఇంతలో సూపర్‌వైజరు వస్తాడు, నోటుపుస్తకం మూసెయ్యాలి. ఇంతవరకు అక్షరాలా నిజం. కాని బస్సు కదిలిన తరువాతకూడా పద్యం సాగుతూనే వుంటుంది. వీధులమీద తేలుతూ పాదాలు తెరకెక్కుతాయి. ఇక్కడే నా పేచీ. డ్రైవరు అమ్ముకునేది చేతుల సత్తువ ఒక్కటే కాదు, గమనిక. ఎడమపక్కనుంచి దూరే ఆటో, ఫుట్‌బోర్డుమీద వేలాడే కుర్రాడు, అద్దంలో పరుగెత్తుకొస్తూ కనిపించే ముసలమ్మ, ఆమెకోసం ఆగితే పోయే నిమిషం - ఇవన్నీ ఆ తలలో వుండగా పద్యానికి చోటెక్కడిది? ఆ ఎనిమిది గంటలకూ యాజమాన్యం కొనుక్కున్నది ఆ తలనే.

కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడ వుంది. ఒకరోజు పేటర్సన్ బస్సు చెడి ఆగిపోతుంది, నిజమే. అది సంఘటన, రోజువారీ ఆలస్యం కాదు. ఆలస్యమంటే ప్రయాణికుడికి ఎదురుచూపు. డ్రైవరుకో, టీ తాగకుండా, ఒంటికి వెళ్లకుండా తిరుగు ట్రిప్పు ఎత్తుకోవడం. 1953లో జెరీ మోరిస్, ఆయన సహచరులు లండన్ బస్సు కార్మికులను గురించి 'లాన్సెట్' వైద్యపత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని అందులో తేలింది. అవే బస్సులు, అవే రోడ్లు. జార్ముష్ ఆ సీటును రాతబల్ల ముందరి కుర్చీగా మార్చాడు.

మరో ఘట్టం వుంది. బస్సులో ఇద్దరు విద్యార్థులు గయెటానో బ్రెషి గురించి మాట్లాడుకుంటారు. పేటర్సన్‌లో పట్టునేత పనిచేసి, 1900లో ఇటలీ రాజు ఉంబెర్టోను చంపిన అరాజకవాది అతడు. అదే వూళ్లో 1913లో పట్టుమిల్లుల కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. ఎనిమిది గంటల పనిదినం వారి కోరికల్లో ఒకటి. చిత్రంలో బ్రెషి ప్రయాణికుల కబురుగానే మిగిలిపోతాడు. ఆ చరిత్ర వెనక సీటునుంచి ముందు సీటుకు, డ్రైవరు పనిగంటల్లోకి రాదు.

అయితే జార్ముష్‌నే తప్పుపట్టి వూరుకుంటే అది నిజాయితీ కాదు. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో సమ్మె మొదలైంది. సుమారు 48 వేలమంది సిబ్బంది వున్న సంస్థ. నవంబరు 25 దాకా సాగింది. ఆ రోజుల్లో నేనూ ఒక కవిత రాశాను. అది బాగాలేదు, అది వేరే సంగతి. సమ్మె విరమించి తిరిగి డ్యూటీకెక్కిన డ్రైవరు గురించి నేనొక్క పంక్తీ రాయలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది, మంచి పని. బస్సులు కిక్కిరిశాయి. ఆ బరువు మొదట తెలిసేది బ్రేకుమీద వున్న కాలికని నాకు తోచనేలేదు. సమ్మెలో వుంటేనే మనకు శ్రామికుడు కనిపిస్తాడు. జార్ముష్‌కు అతడు తీరికలో కనిపించాడు. మధ్యనున్న పనిదినం ఇద్దరి చూపుకూ అందలేదు.

ఆ కుర్రవాడు వాళ్ల నాన్నమీద కథ రాస్తున్నాడు. మొన్న మొదటి పేజీ తెచ్చి చూపించాడు. పేజీనిండా ట్రిప్పుల టైములే. కథలో ఇన్ని అంకెలెందుకని అడగబోయి మానుకున్నాను.