ఆ పీక్ నిజమేనా?

యాంప్లిఫయర్ గుంయ్‌మంటోందని ఎవరైనా పట్టుకొస్తే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ హమ్ 50 హెర్ట్జా, 100 హెర్ట్జా? 50 అయితే ఎర్త్ లూపునో, ట్రాన్స్‌ఫార్మర్‌ను రాసుకుంటూ పోయే సిగ్నల్ వైరునో అనుమానించాలి. 100 అయితే ముందు ఫిల్టర్ కెపాసిటర్లు చూడాలి. ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ నుంచి వచ్చే రిపుల్ 100 హెర్ట్జే మరి. ఈ తేడాను కళ్లకు కట్టేది డిజిటల్ ఆసిల్లోస్కోప్‌లో, సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి చూపే ఎఫ్‌ఎఫ్‌టీ.

1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన ఈ లెక్కల పద్ధతి ఇవాళ వేలల్లో దొరికే స్కోప్‌లో ఒక్క మీట దూరంలో ఉంది. లక్షలు పలికే స్పెక్ట్రమ్ అనలైజర్ కొనే స్తోమత చిన్న రిపేరు షాపుకు ఎక్కడిది? అందుకే ఈ సదుపాయమంటే నాకు అంత ఇష్టం. కాకపోతే తెర మీద లేచిన ప్రతి పీకూ నిజం కాదు.

ఉదాహరణకు రైగోల్ డీఎస్ 1054 జెడ్ స్కోప్ తెర మీద అడ్డంగా 12 గళ్లుంటాయి. తెర మీదున్న ముక్కకే ఎఫ్‌ఎఫ్‌టీ కట్టమన్నామనుకుందాం. గడికి 1 మిల్లీసెకను పెడితే స్కోప్ చూసేది 12 మిల్లీసెకన్లే. అప్పుడు అది 83 హెర్ట్జ్ కంటే దగ్గరగా ఉన్నవాటిని విడదీయలేదు. 50, 100 కలిసి ఒకే దిబ్బ అవుతాయి. గడికి 50 మిల్లీసెకన్లు పెడితే 600 మిల్లీసెకన్లు చూస్తుంది. రెండు పీకులూ విడివిడిగా నిలబడతాయి.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ 600 మిల్లీసెకన్లను 1200 పాయింట్లతో లెక్కగడితే సెకనుకు 2000 శాంపిళ్లే. 1000 హెర్ట్జ్‌కు పైనున్నదంతా మడతపడి కిందికి దిగుతుంది. పక్కనున్న ఛార్జర్ 64,100 హెర్ట్జ్ దగ్గర రొద పెడుతుంటే అది అచ్చం 100 హెర్ట్జ్ పీక్‌లా కనిపిస్తుంది. దాన్ని నమ్మితే బాగున్న కెపాసిటర్‌ను పీకేస్తాం. దీనికి పరీక్ష సులువు. టైమ్‌బేస్‌ను గడికి 20 మిల్లీసెకన్లకు తిప్పండి. అసలు హమ్ 100 దగ్గరే ఉంటుంది. దొంగ పీక్ 900కు జరిగిపోతుంది.

స్కోప్ హద్దు కూడా ఎరిగి ఉండాలి. 8 బిట్లంటే 256 మెట్లే. పెద్ద పీక్ కన్నా 50 డెసిబెల్స్ దిగువన కనిపించేదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. యాంప్లిఫయర్ డిస్టార్షన్ 0.01 శాతమో కాదో కొలవాలంటే మంచి యూఎస్‌బీ సౌండ్‌కార్డే నయం. ఎస్‌ఎంపీఎస్‌లో మెయిన్స్ వైపు మాత్రం ప్రోబ్ ఎర్త్ క్లిప్పు తగిలించవద్దు. షార్టవుతుంది, ప్రాణం మీదికీ వస్తుంది.

కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేను మొదట ఇచ్చే పని ఒకటుంది. ప్రోబ్ సరిచేసుకోవడానికి స్కోప్ ముందు భాగంలోనే 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది. దానికి ఎఫ్‌ఎఫ్‌టీ పెట్టమంటాను. 1, 3, 5, 7 కిలోహెర్ట్జ్ దగ్గర పీకులు లేవాలి. 1 కిలోహెర్ట్జ్ పీక్ కన్నా 3 కిలోహెర్ట్జ్‌ది 9.5, 5 కిలోహెర్ట్జ్‌ది 14 డెసిబెల్స్ తగ్గాలి. ఎఫ్‌ఎఫ్‌టీ మెనూలో ఎత్తు కొలిచేటప్పుడు ఫ్లాట్‌టాప్ విండో, పక్కపక్క పీకులను విడదీసేటప్పుడు హానింగ్ విండో ఎంచుకోవాలి. జవాబు ముందే తెలిసిన సిగ్నల్ మీద చెయ్యి తిరిగినవాళ్లే తెలియని సిగ్నల్ ముందు తడబడరు. ఖరీదైన పరికరం లేదని ఎవరూ ఈ విద్యకు దూరం కానక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్ అందుకునే ముందు టైమ్‌బేస్ ఒకసారి తిప్పి చూసే ఓపిక ఉంటే చాలు.